పసుపు పూసిన చక్రాలు

మా చెల్లెలి కొడుకుకు నార్కట్‌పల్లిలో కారు చక్రాల దుకాణం ఉండేది. తప్పు చేస్తే ఎవరూ అడగకముందే, అదీ పదిమందిలో, చెప్పేసేవాడు. చిన్నప్పటి నుంచీ అంతే.

తెలంగాణ వచ్చిన మొదటి దసరాకు మా అల్లుడు కారుకున్న పాత ఇనుప చక్రాలు తీసేయించి, మెరిసే అలాయ్ చక్రాలు కొన్నాడు. ఆ దుకాణానికి పంపింది నేనే. మా చెల్లెలి కొడుకు చక్రాల నడిమి రంధ్రాన్ని లేత్ మిషను మీద పెద్దది చేయించి, బండికి సరిపోయేలా బిగించాడు.

పండుగనాడు మోత్కూరులో, వియ్యాలవారింటి ముందు, కారుకు పూజ చేశారు. చక్రాలకు పసుపు పూసి, కింద నిమ్మకాయలు పెట్టారు. పిల్లలతో అందరం ఎక్కబోతుంటే మా చెల్లెలి కొడుకు బైకు మీద వచ్చాడు.

"బావా, బండి తియ్యకు! మర్చిపోయి పాత నట్లే బిగించిన. గీ చక్రాలల్ల గవి సక్కగ కూసోవు, నడుస్తుంటే వదులైతయి. తప్పు నాదే."

వియ్యపురాలు మండిపడింది. "పూజైన చక్రం ఊడదీస్తవా? పండుగపూట గిదేం అపశకునం!" నావైపు తిరిగి, "మీ పిలగాడేనా వదినా?" అంది.

చుట్టాలంతా నన్నే చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. అల్లుణ్ని పక్కకు పిలిచి చెప్పకూడదా అనుకున్నాను.

"జర ఆగు అత్తా, బండ్ల పిల్లలుంటరు" అని వియ్యపురాలితో అంటూ అతను చెప్పులు విడిచాడు. చక్రానికి దండం పెట్టి పానా పట్టాడు. ఒక్కరూ సాయం రాలేదు.

నేను తల ఎత్తకుండానే వెళ్లి అతని పక్కన కూర్చున్నాను. అతను విప్పిన పసుపు నట్లను ఒక్కొక్కటిగా నా కొంగులో వేయించుకున్నాను.