ఒక్క మూలకే కొత్త రంగు

బస్సు మధ్యదారిలో మొరాయించింది. దిగినవాళ్ళంతా డ్రైవర్ని తిట్టుకుంటూ రోడ్డు పక్కన చతికిలబడ్డారు. ఒకావిడ మాత్రం కూర్చోకుండా నా దగ్గరికొచ్చి, "పెద్దాయనా, ఇక్కణ్ణించి నీళ్ళ ట్యాంకు వీధికి నడిచి పోవచ్చా?" అని అడిగింది. ఆ ఊరు నాకూ కొత్తే. అయినా తెలిసినట్టు తలూపడం ముప్పయ్యేళ్ళ తిరుగుడులో నాకంటుకున్న జబ్బు. ఇద్దరం నడక సాగించాం.

ఆవిడ దర్జీ. పదమూడేళ్ళు బడిపిల్లల దుస్తులు కుట్టి చిన్న స్థలం కొనుక్కుంది. తనూ ఇద్దరు పిల్లలూ ఉండడానికి ఇల్లు కట్టించాలి. రేపు పొద్దున ఒక కాంట్రాక్టరుకు మాట ఇవ్వాలి. మనిషి మెత్తన, మాట తీయన. నువ్వు కట్టిన ఇళ్ళు చూడాలి అని ఈవిడ అడిగితే మూడు చిరునామాలు రాసిచ్చాడట. రెండు చూసొచ్చింది, మొదటిది ఈ ఊరి చెరువు గట్టు మీదేనట. ఇది మూడోది.

"ఆ రెండూ ఎలా ఉన్నాయమ్మా?"

"బావున్నాయి. భయమంతా అదే."

పోయినేడు ఆవిడ చెల్లెలి వంటింటి కప్పు, పైకి అంతా బావుండగానే, ఊడిపడింది. చెల్లెలు బతికింది గానీ కుడికాలు ఇంకా ఈడుస్తోంది. అప్పట్నించీ ఎవరింటికి వెళ్ళినా ఈవిడ చూపు ముందు పైకే పోతోందట. నేను సత్రాల్లో, స్టేషన్లలో, గొడ్ల కొట్టాల్లో పడుకున్నవాణ్ణి. ఇళ్ళు కట్టడం మీద లావుపాటి పుస్తకాలు కూడా తిరగేశాను. గుమ్మం ఎటుండాలో అన్నీ చెప్పాయి. కట్టేవాణ్ణి ఎలా నమ్మాలో ఒక్కటీ చెప్పలేదు. నెత్తిమీద ఏముందో మాత్రం నేనేనాడూ చూసుకోలేదు.

ఆ ఇంటాయన ఉద్యోగం ముగిసిన లెక్కల మాస్టారు. "రండి, మీరొస్తారని కాంట్రాక్టరు చెప్పాడు. కట్టి తొమ్మిదేళ్ళయింది. ఇల్లు కాదమ్మా, కోట" అంటూ ముందుగది చూపించబోయాడు.

"వెనక గదులు చూస్తాను మాస్టారూ. తిరగేస్తేగానీ కుట్టు తెలీదు" అందావిడ.

పడగ్గదిలో ఆగిపోయింది. కప్పుకి ఒక మూల, చాపంత మేర, తెల్లగా కొత్త రంగు. మిగతాదంతా తొమ్మిదేళ్ళ మాసిన రంగే.

"ఇదెప్పుడు వేశారు?"

"మొన్న సోమవారం. కాస్త చెమ్మ ఉండేది. పిలవకుండానే మనుషుల్ని పంపి బాగుచేయించాడు. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు చెప్పు?"

"నేను చిరునామాలు అడిగింది ఆదివారం" అంది ఆవిడ.

ఆవిడ స్టూలెక్కి, చీపురు కర్ర అడుగుతో పాతరంగు మీద తట్టింది. గట్టిగా పలికింది. కొత్తరంగు మీద తట్టింది. డొల్లగా పలికింది. ఇంకోసారి తట్టేసరికి పళ్ళెమంత పెచ్చు ఊడి మంచం మీద పడింది. లోపల ఇనుప చువ్వ తుప్పుపట్టి, ఉబ్బి, పొరలు పొరలుగా విచ్చుకుని ఉంది.

"ఈ మంచం మీద ఎవరు పడుకుంటారు?"

"నేనూ, మా ఆవిడా" అన్నాడు మాస్టారు. చువ్వ వంక చూసి, "ఊళ్ళోవాళ్ళ లెక్కలన్నీ దిద్దాను. నెత్తిమీద తప్పు నాకు కనపళ్ళేదు" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

నాకు తెలియకుండానే గుమ్మంలోకి జరిగాను.

"తప్పు నాదే" అంది ఆవిడ, స్టూలు దిగకుండానే. "ఏ ఇళ్ళు చూడాలో అతన్నే అడిగాను. దొంగ చేతికే తాళాలిచ్చినట్టు. రేపు రానని చెప్పేస్తాను, నా సంగతి అంతటితో సరి."

"పోనీలేమ్మా, ముందే తెలిసింది" అన్నాను.

ఆవిడ నా మాట వినడం లేదు. పెచ్చు వంక చూస్తూ, ఎవరికో లెక్క అప్పజెబుతున్నట్టు నెమ్మదిగా అంది: "మొదటి ఇంట్లోనూ ఒక మూల తెల్లగా ఉంది. ఎంత శుభ్రంగా ఉంచుకున్నారమ్మా అని మెచ్చుకున్నాను. ఆ మూల కిందే ఉయ్యాల. అందులో పిల్లాడు నిద్రపోతున్నాడు."

మాస్టారి భార్య వంటింట్లోంచి వచ్చి, విషయం విని గోడకి చేరబడిపోయింది. నేనూ మాస్టారూ మంచం చెరో కోడూ పట్టుకుని ఇవతలికి లాగాం. నేల మీద గీరుకుంటూ అది చేసిన చప్పుడుకే ముగ్గురం పైకి చూశాం. మంచం గుమ్మం దాటాక తిరిగి చూస్తే స్టూలు ఖాళీగా ఉంది.

వీధిలోకి పరుగెత్తాను. ఆవిడ అప్పటికే మలుపు దగ్గరుంది. బస్సు ఉన్న వైపు కాదు, చెరువు గట్టు మీది మొదటి ఇంటి వైపు, చెప్పులు చేత్తో పట్టుకుని సగం నడకా సగం పరుగూగా పోతోంది. పిలిచాను. వెనక్కి తిరగలేదు.