ఫోటోలో పడని ముద్దలు

ఆ రోజు మధ్యాహ్నం బడి నుంచి ఫోన్ వచ్చింది. మా సాన్వి యూకేజీ తరగతి మేడ మీద. మెట్లెక్కుతూ మధ్యలోనే కూలబడిందట. నేను వెళ్లేసరికి ఆయా ఒడిలో ఉంది. గౌను చెమటతో తడిసి ముద్దయింది, పెదాలు పాలిపోయాయి. "ఎక్కలేకపోయానమ్మా" అంది. అయిదేళ్ల పిల్ల అనాల్సిన మాటా అది?

అప్పటిదాకా అది బొద్దుగా ఉండటం మా ఇంటిల్లిపాదికీ ముచ్చటే. లావైందని ఎవరైనా అంటే చాలు, మా అత్తగారు ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసేవారు. గురక పెడితే, "పిల్లలు అట్టా ఒళ్లెరగకుండా నిద్రపోవాలే" అనేవారు. మెడ వెనక నల్లబడితే మురికనుకుని నలుగుపిండితో రుద్దేవాళ్లం. మంటెక్కి ఏడ్చినా వదిలేవాళ్లం కాదు.

నరసరావుపేటలో పిల్లల డాక్టరుగారు ముందు చూసింది ఆ మెడే. "ఇది మురికి కాదమ్మా, అకాంతోసిస్. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయటం లేదని గుర్తు." రక్తం తీశారు, అల్ట్రాసౌండ్ చేశారు. ఫ్యాటీ లివర్, గ్రేడ్ వన్ అన్నారు. తాగుబోతులకొచ్చే జబ్బు నా బిడ్డకేంటని అక్కడే ఏడ్చేశాను. "షుగర్ ఇంకా రాలేదు, అంచున ఉంది. ఇప్పుడు ఆపకపోతే చిన్న వయసులోనే వచ్చేస్తుంది" అన్నారాయన.

ఆస్పత్రిలోని డైటీషియన్ అమ్మాయి నా ఫోన్లో ఒక యాప్ వేసింది. సాన్వి ఏం తిన్నా ముందు ఫోటో తీసి అందులో పెట్టాలి. వారానికోసారి బరువు చూసి అది కూడా అందులో ఎక్కించాలి. తిండి సరిగ్గా ఉంటే పచ్చరంగు, తేడా వస్తే ఎరుపు.

నేను మొండిదాన్ని. బిస్కెట్లు, చిప్స్, కూల్‌డ్రింకులు గడప దాటి లోపలికి రానివ్వలేదు. అన్నం తగ్గించి కూరలు పెంచాను. యాప్ అంతా పచ్చగా కనిపించేది. బరువు మాత్రం పెరుగుతూనే ఉంది. "ఆ యాపొక దొంగది, తీసెయ్యి" అన్నాడు మా ఆయన.

మళ్లీ పరీక్షలు చేస్తే లివర్ గ్రేడ్ టూ. ముక్కు వెనకుండే కండ, అడినాయిడ్స్ అంటారట, అది కూడా పెరిగి నిద్రలో ఊపిరి ఆగుతోందన్నారు. డైటీషియన్ నా ఫోటోలన్నీ చూసి, "అక్కా, పాప ఇంతే తింటే ఇంత బరువు పెరగదు. ఇంకెక్కడో తింటోంది" అంది. నేను అబద్ధాలు పెడుతున్నానా అని ఆ డైటీషియన్ మీద గయ్యిమన్నాను.

ఆ ఆదివారం అందరూ భోజనాలు చేస్తుంటే కనిపెట్టి చూశాను. సాన్వి తన కంచం ఖాళీ చేసి లేచింది. తాతయ్య పప్పన్నంలో నెయ్యి వేసి పెట్టిన ముద్దలు తింది. నాయనమ్మ ఆవకాయ ముద్దలు పెట్టింది. ఆఖరికి వాళ్ల నాన్న దగ్గర పెరుగన్నం. మా ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లలకు ముద్ద పెట్టకుండా చెయ్యి కడగరు. అది తిండి కింద లెక్క కాదు, ప్రేమ కింద లెక్క. అందుకే అది ఏ ఫోటోలోనూ పడలేదు.

ఇక ముద్దలు ఆపాలన్నాను. ఇల్లు భగ్గుమంది.

"నా చేతి ముద్ద విషమైందా నీకు? చంటిదానికి ముద్ద పెట్టినందుకు దోషినయ్యానా? ఏందే ఇది!" అని అత్తగారు అన్నం మానేసి పడుకున్నారు. నేను తగ్గలేదు. అందరి కంచాలకూ ఫోటోలు తీశాను. మామగారు కంచం నెట్టేసి, "నా కూడు మీద నిఘా ఏంది?" అని లేచిపోయారు. ఇంతలో అడినాయిడ్స్ తీసేయక తప్పదన్నారు డాక్టర్లు. సాన్విని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్తుంటే థియేటర్ బయట గోడకానుకుని ఆయనే అందరికంటే ఎక్కువ ఏడ్చారు. ఆ తర్వాత ముద్దలు ఆగాయి.

ఇప్పుడు సాన్వికి ఏడేళ్లు. గురక తగ్గింది. బరువు తగ్గలేదు గానీ, పెరగటం ఆగింది. లివర్ మళ్లీ గ్రేడ్ వన్‌కి వచ్చింది. షుగర్ మాత్రం ఇంకా అంచునే ఉంది. "గండం గడిచిందని చెప్పలేనమ్మా" అన్నారు డాక్టరుగారు. నాకు నిద్ర పట్టదు.

మొన్న అత్తగారు అలవాటులో మర్చిపోయి ముద్ద పెట్టబోయారు. సాన్వి రెండు చేతులతో నోరు మూసుకుని నా ఫోన్ వంక బెదురుగా చూసింది. "వద్దు నాయనమ్మా, ఎర్రగా వచ్చిద్ది. మళ్లీ సూది పొడుస్తారు" అంది. అత్తగారు ఆ ముద్ద తినలేక, పడేయలేక, చేతిలోనే పట్టుకుని కూర్చుండిపోయారు. నా పిల్ల అన్నాన్ని చూసి భయపడుతోంది. ఆ భయం పెట్టింది నేనే.

యాప్ వాడండి. వాడకపోతే మాకు ఇంకా ఆలస్యంగా తెలిసేది. అయితే మీ పిల్ల కంచానికే కాకుండా మీ అందరి కంచాలకూ ఫోటో తీయండి, అదీ పిల్ల చూడకుండా.