నర్మద గీసిన తొవ్వ

లక్ష్మీరాజం ఇంగ్లండు పోవాలని హుకుం వచ్చిన సంగతి నర్మదకు పాలు పోసే శంకరవ్వ చెప్పింది. బెల్లంపల్లి బొగ్గుగనుల కాలనీ అంతా పొద్దటికే తెల్సిపోయింది గాని, అదే ఇంట్ల ఉండే పెండ్లానికి తెల్వలే.

"మీ సారును సీమకు తోలుతున్నరట గదా బిడ్డా," అన్నది శంకరవ్వ.

"ఆఁ, అవును," అన్నది నర్మద పాలగిన్నె అందుకుంట, ఎన్నడో తెల్సినట్టు.

మధ్యాన్నం డ్యూటీ దిగి వచ్చిన లక్ష్మీరాజం కాళ్ళు కడుక్కొని పీట మీద కూసున్నడు. అన్నం సగం తిన్నంక అప్పుడు చెప్పిండు. "ఇంగ్లండు పొమ్మంటున్నరు. కొత్తగ బొగ్గు కోసే మిషన్లు వస్తయట. వాటి కరెంటు పని నేర్చుకొని రావాలె."

"ఎన్ని దినాలు?"

"ఆరేడు నెలలు." కంచం ముందటికి జరిపి, "చారు పొయ్," అన్నడు.

లక్ష్మీరాజం చెడ్డోడు కాదు. పెద్దపల్లి దగ్గర వరి పండించే ఇంట్ల పుట్టి, హైదరాబాదుల చదువుకొని గనులల్ల కొలువుకు చేరిండు. తాగుడు లేదు, కోపం లేదు. మాట సుత లేదు. గని లోపల మిషన్ల సప్పుడుకు ఆయన నోరు బందైందని తోటోళ్ళు నవ్వుతుండిరి. నర్మదకు తెల్సు, పెండ్లి పీటల మీద సుత ఆయన గట్లనే ఉండె. ఆమె కరీంనగర్‌ల నలుగురు అక్కచెల్లెండ్ల నడుమ, ఒకరి మాట ఒకరికి వినపడని ఇంట్ల పెరిగింది. కిరస్తానీ మిషన్ బడిల మెట్రిక్ దాకా చదివింది. బెల్లంపల్లి వచ్చి పదేండ్లాయె. పిల్లలు కాలే. ఆ సంగతి ఇద్దరు ఎత్తరు. పొద్దున ఆయన పోయినంక, గని కూత పెట్టేదాక ఆ క్వార్టర్ల గోడ గడియారం ఒక్కటే సప్పుడు జేస్తుండె.

ప్రయాణం కాయిదాలు వచ్చినయి. పోవుడు, ఉండుడు అంతా కంపెనీ చూసుకుంటది. తిరిగొచ్చే ఓడ ఇటలీ దేశంల జెనోవా అనే రేవు నుంచి. పని నేర్చుకునుడు అయిపోయినంక ఓడ ఎక్కేదానికి నడుమ పన్నెండు దినాలు ఖాళీ ఉన్నయి. ఆ మాట లక్ష్మీరాజం చొక్కా గుండీలు పెట్టుకుంట మామూలుగనే అన్నడు.

"ఆ పన్నెండు దినాలకు నేను సుత వస్త," అన్నది నర్మద. "బొంబాయిల ఓడెక్కి జెనోవాకు వస్త. మీరు అక్కడికి రాండ్రి. కలిసి తిరిగి, అదే ఓడల కలిసి వద్దాం. ఖర్చుకు మా బాపు ఇచ్చింది ఉన్నది."

లక్ష్మీరాజం ఆమె దిక్కు చూసిండు. ఆయన గట్ల నిదానంగ చూసి ఎన్ని దినాలైందో.

"రా," అన్నడు.

ఇగ ఆ దినం నుంచి నర్మదకు పొద్దు చాలలే. కాలనీ క్లబ్బుల ఒక చెక్క అల్మారా ఉండె. ఎన్కట ఉన్న ఇంగ్లీషు దొరలు పోతపోత వదిలేసిన పుస్తకాలు అందుల చెదలు పట్టి పడి ఉన్నయి. వాటిల ఐరోపా ఊర్ల సంగతులు చెప్పే ఎర్ర అట్ట పుస్తకం ఒకటి, మడతలు చినిగిన పటం ఒకటి దొరికినయి. పటాన్ని ఇంటికి తెచ్చి, గంజి పెట్టి వెనకాల గుడ్డ అంటించి, పడకింటి గోడకు కొట్టింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఇంగ్లీషు డిక్షనరీ ముందటేసుకొని ఒక్కొక్క ఊరు చదివేది.

మొదలు తొమ్మిది ఊర్లు అనుకున్నది. లండన్, పారిస్, బ్రస్సెల్స్, బెర్లిన్, వియన్నా, ఇంక కిందికి ఇటలీ మొత్తం. లక్ష్మీరాజం డ్యూటీ దిగి రాంగనే పటం ముందట నిలబెట్టి వేలు పెట్టి చూపెట్టేది. ఆయన చేతులు వెనక్కి కట్టుకొని వినేటోడు.

"మీకు ఏ ఊరు చూడాలని ఉన్నది?"

"నీ ఇష్టం."

"నా ఇష్టం చెప్పిన గదా. మీది చెప్పుండ్రి."

"నాకేం తెల్సు. నువ్వు చదివినవ్ గదా."

ఒక దినం ఆమె జ్వరం మందుకని కాలనీ దవాఖానకు పోయింది. అక్కడి కంపౌండర్ దేవదాస్ లడాయి దినాలల్ల పటాలం దవాఖానల పనిజేసి ఇటలీ పోయొచ్చినోడు. నర్మద తన తొమ్మిది ఊర్ల సంగతి చెప్తే ఆయన సీసాల మందు పోసుడు ఆపి నవ్విండు.

"నర్మదమ్మా, నేను చూసింది బురద, డేరాలు. గా పెద్ద ఊర్లు లారీల నుంచి చూసుడే. ఊర్ల సంగతి నన్ను అడగకు. గాని ఒకటి చెప్త. మూట కట్టుడు, విప్పుడు, స్టేషన్ల కూసునుడు, ఇంక ఉండే జాగ దేవులాడుడు. ఊరు మారిన దినం ఊరు చూడవు. తొమ్మిది ఊర్లంటే తొమ్మిది దినాలు గట్లనే పోతయి. ఇగ చూసేది మూడు దినాలు."

నర్మద మందు సీసా పట్టుకొని ఇంటికొచ్చింది. మనసు చిన్నబోయింది గాని, ఆయన చెప్పింది నిజమే. ఆ వారం అంతా ఊర్లు కొట్టేసుడే పనాయె. లండన్ పోయింది, ఎట్లాగు ఆయన చూస్తడు గనుక. బెర్లిన్, వియన్నా పోయినయి. రైలు పట్టాల గీతల మీద దారం పెట్టి కొలిస్తే పారిస్ ఒక మూలకున్నది, పోను రాను రెండు రాత్రులు రైలుకే పోతయి. పారిస్‌ను కొట్టేసిన నాడు ఆమెకు అన్నం సయించలే. చివరికి రెండు మిగిలినయి. రోమ్‌కు నాలుగు దినాలు, నీళ్ళల్ల కట్టిన ఊరు వెనిస్‌కు మూడు. దిగిన రాత్రి, ఆఖరి రాత్రి జెనోవాలనే పండాలె, రైలు ఆలస్యమై ఓడ తప్పితే పరేషాన్ గనుక.

"ఇంక మూడు దినాలున్నయి," అన్నది ఆ మాపటికి లక్ష్మీరాజంతోని. "ఫ్లారెన్స్ అని ఒక ఊరున్నది, పెడుదునా?"

ఆయన పటం దిక్కు చానాసేపు చూసిండు. "యాడనన్న ఊకె కూసునే జాగ ఉన్నదా?" అని అడిగిండు.

"అంటే?"

"ఏం చూడకుంట. కూసుండి ఉంటందుకు. నేను దినమంతా భూమి కింద ఉంట గదా."

పదేండ్లల ఆయన తనకు ఇది కావాలని నోరు తెరిచి అడిగిన యాది నర్మదకు లేదు. మర్నాడు పొద్దున్నే పుస్తకం తీసి, కొండల నడుమ చెరువు ఒడ్డుకు ఉండే లుగానో అనే చిన్న ఊరు దొరకబట్టింది. జెనోవాకు దూరం సుత కాదు. ఆ మూడు దినాలు దానికి ఇచ్చింది. ఆ చెరువు కాడ ఏం మాట్లాడుకుంటరో అని అంట్లు తోముకుంట ఎన్నిసార్లు అనుకున్నదో. ఆయన ఏమంటడు, తనేమంటది. కొన్ని మాటలు పైకే అనేది.

ఆ ఏడు దేశంల విదేశీ పైసలకు కొరత వచ్చింది. ఊర్లు చూసొచ్చెటందుకు పోయెటోళ్ళకు ఆ పైసలు ఇయ్యొద్దని సర్కారు కట్టడి పెట్టింది. సామాన్లు సర్దుకునే యాళ్ళకు, ఆ పైసల కోసం పెట్టుకున్న అర్జీకి బొంబాయి నుంచి జవాబు వచ్చింది. లక్ష్మీరాజం పోవచ్చు, భార్యకు వీలు కాదు.

ఆయన ఆ కాయిదం రెండుసార్లు చదివి బల్ల మీద పెట్టిండు. "నేను సుత ఆడ తిరగ. పని అయినంక ఓడ దాక యాడనో ఒక కాడ ఉంట."

"ఎందుకు? మీకు కంపెనీ పైసలు ఇస్తది గదా. పోండ్రి," అన్నది నర్మద. "నేను చెప్పిన తీరుగనే పోండ్రి. ఒక్కరన్న చూస్తే నాకు చెప్తరు."

"సరే," అన్నడు.

వానలు ఎలిసినంక ఆయన పోయిండు. సకినాల డబ్బా ఒకటి పెట్టె అడుగున పెట్టి ఆమె స్టేషన్ దాక పోయొచ్చింది. ఇంగ్లండు నుంచి నెలకో ఉత్తరం వచ్చేది. క్షేమం, చలి చానా ఉన్నది, మిషన్లు మంచిగున్నయి, అంతే. కరీంనగర్ పోయి ఉండుమని అక్కచెల్లెండ్లు కబురు పెట్టిన్రు గాని ఆమె కదలలే. ఆ పటం ఉన్న గోడను విడిచి పోబుద్ధి కాలే.

ఎండలు మొదలైనయి. ఆ పన్నెండు దినాలు వచ్చినయి. నర్మద దినం లేవంగనే ఆయన యాడుంటడో యాది చేసుకునేది. ఇయ్యాల రోమ్‌ల దిగుతడు. ఇయ్యాల ఆ పాత గోడల కాడికి పోతడు. శంకరవ్వ పాలు పోస్తుంటే, "మా సారు ఇయ్యాల పడవల కూసుంటడు, ఆ ఊర్ల తొవ్వలన్నీ నీళ్ళే," అని చెప్పింది. శంకరవ్వ ముక్కు మీద వేలు పెట్టుకొని విన్నది. ఆమె పోయి పది ఇండ్లల్ల చెప్పింది. నీళ్ళ పంపు కాడ ఆడోళ్ళు అడిగితే నర్మద వెనిస్ సంగతి కండ్లతోని చూసినట్టే చెప్పింది.

లుగానో దినాలల్ల ఆమె పొయ్యి ముట్టియ్యలే. పెరుగుల అటుకులు నానేసుకొని తిని, వాకిట్ల వేపచెట్టు నీడకు కుర్చీ ఏసుకొని కూసున్నది. బియ్యం ఏరలే, కుట్టు పట్టలే. గని గుట్టల మీది నల్ల దుమ్ము గాలికి లేచి వచ్చి ఒళ్ళో పడుతున్నది.

"పానం బాగలేదా బిడ్డా?" అని శంకరవ్వ తడిక కాడ ఆగింది.

"బాగనే ఉన్నది. ఊకె కూసున్న."

లక్ష్మీరాజం వచ్చిండు. చిక్కిపోయిండు, రంగు తేలిండు. వారం దాక ఇంటికి మనుషులు వస్తనే ఉన్నరు. అందరికి "మంచిగున్నది" అనే చెప్పిండు. నర్మద అడగలే. జనం తగ్గేదాక ఓపిక పట్టింది. ఒక ఆదివారం ఆయనకు సెలవు. తలుపు దగ్గరికేసి, ఆయన ముందట చాప మీద కూసుండి అడిగింది.

"ఇగ చెప్పుండ్రి. రోమ్ నుంచి మొదలుపెట్టుండ్రి."

ఆయన అరచేతులు చూసుకున్నడు. "పోలే," అన్నడు.

"రోమ్ పోలేదా?"

"యాడికి పోలే. జెనోవాలనే ఉన్న."

ఆమెకు కొంచెంసేపు సమజు కాలే. ఆయన తలొంచుకొని మెల్లగ చెప్పిండు. ఇంగ్లండు నుంచి వచ్చి జెనోవాల దిగిండు. మర్నాడు రోమ్ రైలుకని స్టేషన్ దాక పోయిండు. టికెట్టు కిటికీ ముందట నిలబడ్డడు. నోట్ల మాట రాలే. వెనకున్నోళ్ళు తోసుకున్నరు. పక్కకు జరిగి, తిరిగి రూముకు వచ్చిండు. తెల్లారి మళ్ళ పోయిండు, మళ్ళ వచ్చిండు. ఇగ పోలే. రేవు కాడ ఓడలు చూసుకుంట, రొట్టె, ఉడికిన గుడ్లు తినుకుంట పన్నెండు దినాలు ఎల్లదీసిండు.

"నువ్వు లేకుంట పోబుద్ధి కాలే," అన్నడు చివరికి.

ఆ మాట ఇంకో దినం వింటే నర్మదకు కండ్లల్ల నీళ్ళు తిరుగుతుండె. ఇప్పుడు ఆమెకు నీళ్ళ పంపు కాడి ఆడోళ్ళ మొఖాలు యాదికొచ్చినయి. వాకిట్ల కుర్చీ యాదికొచ్చింది. ఆ చెరువు ఒడ్డున తను కూసున్నది, ఆయన లేడు.

"నేనైతే పోదును," అన్నది.

ఆయన తలెత్తి చూసిండు.

"మీరు లేకున్న పోదును. ఒక్కదాన్నే అన్నీ చూసి, వచ్చి మీకు చెప్పుదును." లేచి వంటింట్లకు పోయింది. ఆ మాపు గోడ మీది పటం తీసి మడతపెట్టి క్లబ్బుల ఇచ్చేసింది.

కొట్లాడలే. కొన్నాళ్ళు ఇంట్ల మాట ఇంకింత తగ్గింది. ఆ ఏటి చలికాలం నర్మద చేతిసంచి పట్టుకొని ఒక్కతే ఢిల్లీ బండి ఎక్కింది. ఆగ్రా, కాశి రెండే పెట్టుకున్నది. లక్ష్మీరాజం స్టేషన్‌కు వచ్చి కిటికీ కాడ నిలబడ్డడు. వద్దనలే, నేను వస్త అని సుత అనలే. కాలనీల నాలుగు దినాలు చెవులు కొరుక్కున్నరు. తర్వాత ఏటేటా ఒక తిరుగుడు అలవాటైంది. బండ్లల్ల పక్క ముసలమ్మలతోని, పిల్లల తల్లులతోని తెగ మాట్లాడేది. ఊరొస్తే ఎవరి తొవ్వ వాళ్ళది. సత్రం గదిల తలుపు గడియ ఏసుకున్నంక, ఇయ్యాల చూసింది చెప్పెటందుకు మనిషి లేక, గోడ దిక్కు తిరిగి పండుకునేది.

ఆరేండ్లకు లక్ష్మీరాజం ఒకసారి తనంతట తానే వస్తనన్నడు. మైసూరు పోయిన్రు. అక్కడి గుడి కొండ ఎక్కుతుంటే సగం మెట్లకే ఆయనకు మోకాళ్ళు పట్టినయి. "నువ్వు పోయిరా, నేను కింద ఉంట," అని దిగిపోయిండు. నర్మద గుడి చూసి, పైనుంచి ఊరంతా చూసి, నిదానంగ దిగింది.

కింద టాంగా నీడకు లక్ష్మీరాజం ముసలి టాంగావాలాతోని కూసుండి ఉన్నడు. వీపు ఇటు ఉన్నది. ఉర్దూల మాట్లాడుతున్నడు, చేతులు తిప్పుకుంట. నర్మద రెండడుగుల ఎనుక ఆగింది. ఆయన ఆ జెనోవా ఊరి సంగతి చెప్తున్నడు. తను దిగిన ఇంటి ముసలామె తన పేరు తిరగక రోజుకో తీరు పిలిచేదట. పొద్దున రొట్టెకు నూనె రాసి పెట్టి, తినేదాక పక్కనే నిలబడేదట. భాష రాకున్న ఇద్దరు మాపటిదాక మాట్లాడుకునేటోళ్ళట, ఆమె కొడుకు లడాయిల పోయిండని చేతులతోనే చెప్పిందట. టాంగావాలా పకపక నవ్విండు, మళ్ళ "అయ్యో" అన్నడు. లక్ష్మీరాజం సుత నవ్వుతున్నడు.

నర్మద కదలలే. కదిలితే ఆ మాట ఆగిపోతదని తెల్సు. ఎండ నెత్తి మీదికొచ్చినా గట్లనే నిలబడ్డది. గుర్రం తోక కొట్టుకుంటే ఆయన ఇటు తిరిగిండు, ఆమెను చూసిండు.

"అయిపోయిందా?" అని లేచిండు.

"తర్వాత ఏమైంది సాబ్?" అని టాంగావాలా అడిగిండు.

"ఏం లేదు. ఓడ వచ్చింది," అన్నడు లక్ష్మీరాజం.

టాంగా కదిలింది. ఇద్దరు వెనక దిక్కు పక్కపక్కన కూసున్నరు. తొవ్వ సగం దాటినంక నర్మద అడిగింది, "ఆ ముసలామె పేరేంది?"

ఆయన వెనక్కి పోతున్న తొవ్వ దిక్కు చూసిండు.

"జెమ్మా," అన్నడు.

ఆమె ఇంక ఏమన్న చెప్తడేమోనని ఎదురు చూసింది. స్టేషన్ వచ్చేదాక గుర్రం డెక్కల సప్పుడే వినపడ్డది.