అత్తమ్మ చేతి సత్తుపిండి

నాగోల్‌లో మా అపార్టుమెంటు మెట్ల మీద నువ్వులు వేగే వాసన వస్తే చాలు, బతుకమ్మ పండుగ వచ్చిందని అందరికీ సంతోషం. నాకు ఒళ్లు మండుతుంది.

చిన్నప్పుడు గడ్డిఅన్నారంలో, పండ్ల మార్కెట్ వెనక గల్లీలో కిరాయికి ఉండేవాళ్లం. మగ్గిన బత్తాయిల వాసన, లారీల హారన్లు, వాన పడితే చీలమండల దాకా బురద, ఆ బురదలోనే మా తొక్కుడుబిళ్ల. మొగుడు పోయాక నల్లగొండ పల్లె నుంచి మా దగ్గరికి చేరిన మేనత్త సత్తెమ్మే ఇంటికి కాళ్లూ చేతులూ. నువ్వులు, పల్లీలు, మక్కలు వేయించి, దంచి, సత్తుపిండి చేసేది ఆమే. నాన్న బయటికి వెళ్తుంటే ఎదురు రాకూడదని తలుపు వెనక నిలబడేదీ ఆమే. కట్టుబాటుంటేనే ఇల్లయినా దేశమయినా బాగుంటుందని నాయనమ్మ నమ్మకం.

తెలంగాణ కోసం ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టిన రోజు బస్తీకి బస్తీయే రోడ్డెక్కింది. బస్సులు ఆగిపోయాయి, నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, పప్పు ఉడికే పొగ, మధ్యలో తంగేడు పూల బతుకమ్మలు. ఎవరో పాట ఎత్తమంటే అత్తమ్మ ఎత్తింది. ఆ గొంతు ఇంట్లో మేమెన్నడూ వినలేదు. ఆడవాళ్లంతా ఆమె వెనక అందుకుని చప్పట్లు కొడుతూ తిరిగారు. ఆట అయ్యాక ఆమె సత్తుపిండి దోసిళ్లతో పంచితే, నాయనమ్మతో సహా ముత్తైదులందరూ కొంగుపట్టి తీసుకున్నారు. అత్తమ్మ నవ్వితే ఎంత బాగుంటుందో ఆ రోజే చూశాను.

వారం తిరగకుండానే పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ. మా గల్లీలో ఆట ముగిసి, ముత్తైదులు ఒకరికొకరు వాయినం ఇచ్చుకుంటుంటే, అత్తమ్మ కూడా సత్తుపిండి పళ్లెంతో వరసలోకి వచ్చింది. నాయనమ్మ పళ్లెం లాక్కుంది.

"ముత్తైదుల నడుమ నీకేం పనే? ఇంట్లకు పో."

"మొన్న రోడ్డు మీద అత్తమ్మ పెడితే తిన్నవు గద!" అన్నాను నేను.

"గది ఉద్యమం. గిది ఇల్లు," అంది నాయనమ్మ.

అక్కడున్న ఒక్క ఆడది కూడా నోరు విప్పలేదు. పోలీసుల ముందు గొంతు చించుకున్న నోళ్లే అవన్నీ. అత్తమ్మ తల దించుకుని లోపలికి పోయి అంట్లు తోముకుంది. ఇంత పిరికివాళ్లు రాష్ట్రం తెచ్చి ఎవరిని బాగుచేస్తారు?

రాష్ట్రం వచ్చింది. టపాకాయలు కాల్చాం. పండ్ల మార్కెట్ ఊరవతల బాటసింగారానికి పోయింది, మేం పొయ్యిలు పెట్టిన చౌరస్తా మీద ఫ్లైఓవర్లు లేచాయి, నాయనమ్మా పోయింది. కట్టుబాటు మాత్రం మాతోపాటు లిఫ్టెక్కి పై అంతస్తుకు వచ్చింది.

మొన్న అపార్టుమెంటు ఆడవాళ్లు ఫోన్లు పట్టుకుని అత్తమ్మ కోసం మా ఇంటికి వచ్చారు. పాత పాటలు వాళ్లెవరికీ రావు.

"అమ్మా, మీరు జర పక్కకు కుర్చీల కూసోని పాడుండ్రి. మేం ఆడుకుంటం."

"యాదికి లేవు బిడ్డా," అంది అత్తమ్మ.

అన్నీ గుర్తున్నాయి. ఆ పొద్దున్నే వంటింట్లో పాడుకుంటుంటే విన్నాను. ఆమెతోపాటే ఆ పాటలూ పోతాయి. పోనీ.