అభిప్రాయాలు అడిగి చేసిన ఆపరేషన్

సర్జన్‌కు చెయ్యి ఎట్లున్నా గొంతు మాత్రం గట్టిగా ఉండాలని అందరూ నమ్మిన రోజులవి. నల్లగొండ దిక్కు ఒక దవాఖానలో చిన్న సర్జన్‌గా కొత్తగా చేరాను. మా పెద్దసారు థియేటర్లో అడుగుపెడితే సిస్టర్లు గోడవారకు జరిగేవాళ్లు. ఆయన విసిరిన కత్తెరలు ఏరడం నా డ్యూటీ (జీతం దానికీ కలిపే ఇచ్చారనుకుంటా). అప్పుడే పైనుంచి ఆర్డరు వచ్చింది, సర్జన్లకు నాయకత్వ శిక్షణ అని. తనకు కొత్తగా నేర్పేదేముందని పెద్దసారు నన్ను హైదరాబాద్ తోలాడు. అక్కడ బిస్కెట్లు పెట్టి మరీ చెప్పిందొకటే, కత్తి పట్టేముందు అందరి అభిప్రాయం అడిగేవాడే నాయకుడని. నేను నిజంగానే నమ్మాను, నా ఖర్మ.

తిరిగొచ్చాక నా మొదటి సొంత ఆపరేషన్, రామన్నపేట దగ్గర గొర్లు కాసుకునే ఒక పెద్దాయనకు హెర్నియా. వెన్నులో మత్తుసూది వేశాం. నడుం కింద మొద్దుబారింది గానీ మనిషి మెలకువగానే ఉన్నాడు. ఎవరికేం అనుమానమున్నా భయపడకుండా చెప్పమని మెత్తగా అడిగాను. ఏండ్ల తరబడి ఆ గదిలో 'సరే సార్' తప్ప మరో మాట ఎరగని సిస్టరమ్మ చేతిలోని ట్రే పక్కన పెట్టింది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, జనరేటర్లో డీజిల్ లేదు, రక్తం పీల్చే మిషన్ పాడై చాలా రోజులైంది. అన్నీ నిజాలే.

బల్లమీది పెద్దాయన తల ఎత్తాడు. "సారూ, నేను ఇంటికి పోత. జర నా కాళ్లు కిందికి దించున్రి, అవి నా మాట ఇంటలేవు."

అందరూ గొల్లున నవ్వారు. ఆ చప్పుడుకు పెద్దసారు వచ్చి, ఒక్క కేకతో నోళ్లు మూయించి, తానే కోసి కుట్టేశాడు. కరెంటు పోలేదు, దాని దయ. పెద్దాయన ఆయనకు దండం పెట్టి, నా దిక్కు జాలిగా చూసి, "పిల్లగాడు మంచోడే, గని జర పని నేర్పున్రి" అన్నాడు.

నవ్వులాట అక్కడితో అయిపోతే బాగుండేది. పేషెంటు ముందు దవాఖాన పరువు తీసిందని సిస్టరమ్మను మోత్కూర్ అవతలికి బదిలీ చేశారు. ఆమె పిల్లలు ఇక్కడి బడిలోనే ఉన్నారు. అడిగింది నేను, నాకేమీ కాలేదు, పైగా శిక్షణ సర్టిఫికెట్ వచ్చింది. పెద్దసారు కాళ్లావేళ్లా పడ్డాను, వినలేదు. బస్సెక్కించడానికి పోతే ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మీరు అడిగిన్రని చెప్పిన. మల్ల ఎవర్నీ గట్ల అడగకున్రి సార్."

ఇప్పుడు నేనే పెద్దసారుని. కత్తెరలు విసరను. ప్రతిసారీ, ఎవరికైనా అనుమానాలున్నాయా అని మర్యాదగా అడుగుతాను. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొని 'ఏం లేవు సార్' అంటారు. నిజం చెప్పే మనిషి నాకు మళ్లీ దొరకలేదు. మాస్కు కింద నవ్వుకొని కత్తికోసం చెయ్యి చాస్తాను.