నాలుగు వేళ్ల వెలుతురు

మా పెదనాన్న సెంట్రింగ్ మేస్త్రి. కాంక్రీటు పోతకు చెక్కలు బిగించడంలో చేయి తిరిగినవాడు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. కొండవాలున కొత్త చర్చి కట్టింది ఆయనే. దానికి కిటికీలు లేవు. రెండు గోడలు కలిసే మూలన, కప్పు నుంచి నేల దాకా నాలుగు వేళ్ల సందు ఉంటుంది. పొద్దున లోయ మీద నుంచి వచ్చే ఎండ అందులోంచి దూరి బలిపీఠం మీద పడాలి. వాలు మీద గోడలు విడిపోకుండా ఆ సందుకు అడ్డంగా రెండు ఇనుప కమ్మీలు పెట్టించి, ఆర్కిటెక్టు ఇంకో పనికి వెళ్లిపోయాడు.

ప్రారంభానికి ముందురోజు చూస్తే బలిపీఠం మీద కమ్మీల నీడలు నల్లగా పడ్డాయి. పాస్టరుగారు ముఖం చిట్లించారు. పెదనాన్నకు పౌరుషం పొడుచుకొచ్చి, ఎవరినీ అడక్కుండా రెండింటినీ కోసేశాడు. మర్నాడు ఆ వెలుతురు చూసి అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. ఇక పెదనాన్న నేల మీద నిలవలేదు.

వానలు పడ్డాక వెలుతురు ఐదు వేళ్లయింది. "చూశారా, దేవుని కృప పెరుగుతోంది" అన్నారు పాస్టరుగారు. పెదనాన్న ఆ రోజు అన్నం ముట్టలేదు. కమ్మీలు కోసినందుకే గోడలు విడిపోతున్నాయని నాకొక్కదానికే చెప్పాడు.

"చెప్పేయ్ పెదనాన్నా."

"చెబితే రేపటి నుంచి నాకు పని ఎవరిస్తారే?"

నాకు ఒళ్లు మండింది. మండి ఏం లాభం, నేనూ నోరు మూసుకున్నాను. మూడు ఆదివారాలు గడిచాయి. వెలుతురు ఆరు వేళ్లయింది.

నాలుగో ఆదివారం పెదనాన్న చర్చి గుమ్మానికి చేతులు అడ్డంపెట్టి నిలబడ్డాడు. "ఎవరూ లోపలికి పోవద్దు. కమ్మీలు నేనే కోశాను. గోడ జరుగుతోంది."

ఎవరో నవ్వారు. "పాపం, పనుల్లేక రిపేరు పుట్టిస్తున్నాడు."

"ప్రార్థన కానివ్వండి మేస్త్రీ, రేపు ఇంజినీరును పిలుద్దాం" అన్నారు పాస్టరుగారు. జనం పెదనాన్న చేతుల కింద నుంచి వంగి లోపలికి పోయారు. పాట ఎత్తుకునే మా పెద్దమ్మ కూడా పోయింది. "నలుగురిలో నా పరువు తీశారు కదండీ" అని ముందు బెంచీలో కూర్చుంది.

పెదనాన్న వెళ్లి చేయి పట్టి లాగాడు. ఆమె లేవలేదు. చివరికి పక్కనే కూర్చుండిపోయాడు. నేను గడప దాటబోతుంటే వెనక్కి తిరిగి, "నువ్వు రాకు తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటా" అన్నాడు.

నేను బయటే ఆగిపోయాను. లోపల పెద్దమ్మ రెండో చరణం ఎత్తుకుంది. అది పూర్తి కాలేదు.