బుచ్చన్న సీసా

కృపది పెబ్బేరు. డాక్టరు చదువు, ఆపైన పీజీ ముగించి, 2006లో హైదరాబాదులోని ఒక పెద్ద దవాఖానలో క్లినికల్ మైక్రోబయాలజీ ఫెలోషిప్‌లో చేరింది. పగలంతా ల్యాబు, పొద్దుగూకితే హాస్టలు గది. వారం రోజులైనా ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవని సందర్భాలుండేవి. ఆ శిక్షణలో రోగి ఎదుటికి రాడు. అతని తెమడ వస్తుంది, సీసా మీద పేరు వస్తుంది. కృప ఆ పేర్లతోనే మాట్లాడేది.

ఆత్మకూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన బుచ్చన్న తెమడ నుంచి ల్యాబులో టీబీ క్రిములను పెంచడానికి ఆరు వారాలు, వాటి మీద మందులు పరీక్షించడానికి ఇంకో ఆరు వారాలు పట్టింది. "ఏంది బుచ్చన్నా, ఇయ్యాల గూడ ఏం చెప్పవా?" అని సీసా తీసినప్పుడల్లా పలకరించేది. చివరికి తేలింది. అతను వాడుతున్న మందులు అతనికి పనిచేయవు. రిపోర్టు పోస్టులో ఎప్పటికి చేరుతుందోనని ఆదివారం తనే పట్టుకుని బస్సెక్కింది.

పట్నం దవాఖాన నుంచి వచ్చానని చెప్పగానే బుచ్చన్న భార్య పుష్పమ్మ చాప వేసి కూర్చోబెట్టింది.

"ఈడ లేడు మేడం. పట్నం దవాఖానల తెమడ ఇచ్చి, అట్నుంచటే మేస్త్రితోని పూణె పనికి పోయిండు. మూడు నెలలాయె, ఫోను గూడ లేదు."

కృప చాపిన రిపోర్టును ఆమె అందుకోలేదు. కాస్త దగ్గరికి జరిగింది.

"ఆఖరుసారి చూసింది మీరే గద. ఎట్లున్నడు మా ఆయన?"

మూడు నెలలు పలకరించిన ఆ మనిషి పొట్టో పొడుగో కూడా కృపకు తెలియదు.